పులి కోరలు మొలిచిన మేక

ఒక కంప్యూటరు ఆటలో వచ్చిన హీరోను గురించి విమర్శ వ్యాసం రాయటమేమిటని కొందరు మిత్రులు ముఖం చిట్లిస్తారని నాకు తెలుసు. వారికి నేను చెప్పేది కొద్దిగానే వుంది. నేను పాఠం చెప్పే తరగతిలో సగంమంది కుర్రవాళ్ళు రాత్రి పన్నెండింటిదాకా ఏదో ఒక ఆట ఆడి, ఎర్రబడిన కళ్ళతో వచ్చి కూర్చుంటారు. వాళ్ళు నవలలు చదవటం లేదని మనం వాపోతాం. వాళ్ళు మునిగి వున్నది ఏమిటో మాత్రం తొంగి చూడం. ఆట కూడా ఒక కల్పనే. అందులో పాత్రలున్నాయి, ఆ పాత్రలకు పుట్టుపూర్వోత్తరాలున్నాయి, వాటిని సృష్టించిన రచయితలున్నారు. ఏ పాత్రకు ఏ విద్య ఇవ్వాలి, ఆ విద్యకు ఎంత ధర కట్టాలి అని నిర్ణయించేటప్పుడు, ఏ పనిని గౌరవించాలో ఏ పనిని చులకన చెయ్యాలో కూడా ఆ రచయితలు నిర్ణయిస్తున్నారు. ఇటువంటి నిర్ణయాలను పరీక్షించటం విమర్శకుడి పని కాదంటే మరెవరి పనో నాకు అర్థం కాదు.

నేను చెప్పబోయే హీరో పేరు బ్రిగిట్టా. ఆట పేరు ఓవర్‌వాచ్. కాలిఫోర్నియాలోని బ్లిజార్డ్ సంస్థ దీన్ని 2016 మే 24న విడుదల చేసింది. మొదట 21మంది హీరోలుండేవారు. తరవాత ఒక్కొక్కరే వచ్చి చేరుతూ పోగా, 2018 మార్చిలో 27వ హీరోగా బ్రిగిట్టా వచ్చింది. అప్పటి కొత్త హీరోను గురించి ఇప్పుడు రాయటానికి కారణం వుంది. హీరో వచ్చిన వారంలో పుట్టే విమర్శలో ఓడినవాడి ఏడుపు పాలు, గెలిచినవాడి సంబరం పాలు ఎక్కువగా వుంటాయి. ఒక రూపకల్పనలోని లోపం ఆటనంతటినీ ఎటు లాక్కుపోయిందో తేలటానికి ఏళ్ళు పడుతుంది. బ్రిగిట్టా విషయంలో ఆ లెక్క తేలిపోయింది.

ఆట ఎరగని పాఠకుల కోసం నాలుగు మాటలు. ఆనాటి నియమం ప్రకారం ఒక్కొక్క పక్షానికి ఆరుగురు. ట్యాంకులనే పాత్రలు దెబ్బలు కాచుకుంటూ ముందు నడుస్తాయి. డామేజ్ పాత్రలు ఎదుటివాళ్ళను చంపుతాయి. హీలర్లు వెనక నిలబడి గాయాలు మాన్పుతారు. ఎవరు ఏ పాత్రను తీసుకోవాలన్నది ఆటగాళ్ళ ఇష్టం. ఆట మధ్యలో మార్చుకున్నా అడిగేవాడు లేడు.

ఈ ఏర్పాటులో 2017 అంతా ఒక పద్ధతి చెలామణీ అయింది. దాన్ని డైవ్ అనేవారు. విన్‌స్టన్ అనే గొరిల్లా, డి.వా అనే కొరియా అమ్మాయి నడిపే యంత్రం, ట్రేసర్, గెంజీ అనే ఇద్దరు చురుకైన హంతకులు - ఈ నలుగురూ ముందువరసను వదిలేసి, ఒక్కసారిగా ఎగిరి, వెనకనున్న హీలరు మీద పడేవారు. అప్పట్లో ట్రేసర్‌కు ప్రాణం 150 పాయింట్లే. కాని ఆమె రెప్పపాటులో మూడుసార్లు వరసగా దూకగలదు. చిక్కుపడితే మూడు సెకన్ల కిందట తానున్న చోటికి, అప్పుడున్న ప్రాణంతో సహా, వెనక్కి పోగలదు. మంచి ఆటగాడి చేతిలో ఆమెను పట్టుకోవటం నీళ్ళను గుప్పిట పట్టుకోవటమే. నేను ఎక్కువగా ట్రేసర్ ఆడేవాణ్ణి గనక ఈ మాట కొంత మమకారంతో అంటున్నానని పాఠకులు గ్రహించాలి.

హీలర్ల బాధ నిజమైనది. ఇందులో సందేహానికి తావు లేదు. జట్టు మొత్తాన్ని బతికించే పని ఎవరిదో, చావటంలో మొదటి వంతు కూడా వాళ్ళదే. చచ్చినప్పుడల్లా మొదటినుంచీ నడిచి రావాలి. నడిచి వచ్చేసరికి, "హీల్ ఏదీ?" అని అరిచేవాళ్ళు సిద్ధంగా వుంటారు.

ఈ బాధకు సమాధానంగా బ్రిగిట్టా వచ్చింది. కథలో ఆమె స్వీడన్ అమ్మాయి. టోర్బ్యోర్న్ అనే యంత్రనిపుణుడి కూతురు. రైన్‌హార్ట్ అనే ముసలి జర్మన్ యోధుడికి సహాయకురాలు. అతని కవచానికి పడే సొట్టలు సరిచేస్తూ అతనివెంట ఊరూరా తిరిగిన పనిమనిషి. చివరకు తానే కవచం తొడుక్కుని యుద్ధంలోకి దిగుతుంది. చేతిలో గొలుసుగద, మరొక చేతికి వెలుగుతో చేసిన షీల్డ్. మన మిత్రుల్లో ఒకరిద్దరు దీనికి చాలా సంతోషపడ్డారు. రాజకుమారులకూ కులీనయోధులకూ బదులు బట్టలకు మసి అంటిన ఒక పనివాని కూతురు నాయిక అయిందని వారి సంతోషం. మన సాహిత్య విమర్శలో కూడా ఈ జబ్బు వుంది. కథలో రైతు కనిపిస్తే చాలు, ఆ కథ అభ్యుదయ కథ అయిపోతుంది. ఆ రైతు కథలో ఏం చేస్తున్నాడు, అతను చేసే పని ఎంత నమ్మదగ్గది అన్న ప్రశ్న వెనక్కి పోతుంది. బ్రిగిట్టా పుట్టుక ఎటువంటిదైనా ఆమె విద్యలను విడిగా చూడక తప్పదు.

మొదట లెక్క చూద్దాం. ఆమె షీల్డ్ ముందుకు తోసి ఎదుటివాణ్ణి గుద్దుతుంది. దెబ్బ 50. గుద్దు తగిలినవాడు సుమారు ఒక సెకనుపాటు స్టన్ అవుతాడు. అంటే కొయ్యబారి నిలబడిపోతాడు. వాడి మీద గద ఒకసారి తిప్పుతుంది, 35. ఆపైన గొలుసు సాగదీసి విసురుతుంది, 70. మొత్తం 155. ట్రేసర్ ప్రాణం 150 అని ముందే చెప్పాను. ఒకటి, రెండు, మూడు - అంతే. మధ్యలో ట్రేసర్ ఆడేవాడు చెయ్యగలిగింది ఏమీ లేదు, అతని చేతులు కట్టేసి వున్నాయి గనక. తొలి రోజుల్లో ఎదుటివాడు షీల్డ్ ఎత్తి పట్టుకున్నా ఆ గుద్దు ఆగేది కాదు.

దీనికి తోడు ఆమె ఒంటిమీద కవచం. 200 ప్రాణానికి పైన 50 కవచం. ఆ రోజుల్లో కవచం మీద పడ్డ ప్రతి తూటా దెబ్బలోనూ 5 పాయింట్లు కోత పడేది. అయితే కోత సగానికి మించకూడదు. ట్రేసర్ తూటా ఒక్కొక్కటి 6. అంటే కవచం మీద 3 అయిపోతుంది. 2019 జనవరిలో ఈ కోతను 5 నుంచి 3కు తగ్గించి, కవచాన్ని బలహీనపరిచామని ప్రకటించారు. ఆరులోంచి మూడు తీసినా మూడే కదా! పెద్ద తుపాకీలు పట్టినవాళ్ళకు ఎంతో కొంత మేలు జరిగింది గాని, ఎవరిమీద ఈ కవచం ఎక్కువ బరువుగా పడిందో వాళ్ళకు చిల్లిగవ్వ దక్కలేదు. పన్నుల సవరణలు చూసిన మనకు ఇది కొత్త కాదు.

కాని అంకెలు సరిపోకపోవటం అసలు లోపం కాదు. అంకెలను ఒక ప్యాచ్‌తో సరిచెయ్యవచ్చు. ఆమె విద్యలు ఒకదానికొకటి అడ్డు రావు. నా దృష్టిలో బ్రిగిట్టా రూపకల్పనలోని పెద్ద బలహీనత ఇదే. దీన్ని కొంచెం వివరంగా చెప్పాలి.

ఏ మంచి పాత్రనైనా తీసుకోండి. దాని విద్యల మధ్య ఒక పేచీ వుంటుంది. ఒకటి కావాలంటే మరొకటి వదులుకోవాలి. ఆనా అనే హీలరు వుంది. ఈజిప్టు ముసలామె, దూరంనుంచి తుపాకీతో గురిపెట్టి స్వపక్షం వాళ్ళకు మందు ఎక్కిస్తుంది. ఆమెకు కూడా ఎదుటివాణ్ణి ఆపే విద్య వుంది, నిద్రమందు సూది. అది తగిలినవాడు సెకన్లపాటు పడి నిద్రపోతాడు. అది బ్రిగిట్టా గుద్దుకంటె ఎంతో బలమైన విద్య. అయినా దాన్ని ఎవరూ అన్యాయమనలేదు. ఎందుకంటే సూది సన్నంగా వుంటుంది, దూకుతున్న ట్రేసర్‌కు దాన్ని తగిలించటం కష్టం. తప్పిపోతే మళ్ళీ సిద్ధం కావటానికి చాలాసేపు పడుతుంది. గురి చూసే ఆ క్షణంలో ఆమె ఎవరికీ వైద్యం చెయ్యలేదు. పడుకున్నవాణ్ణి ఎవరైనా కొడితే లేచి కూర్చుంటాడు. ఇన్ని షరతుల మధ్యనుంచి సూది వెళ్ళి తగిలిందంటే, తగిలినవాడు కూడా లోలోపల మెచ్చుకుంటాడు. నేను మెచ్చుకున్నాను, చాలాసార్లు.

బ్రిగిట్టా దగ్గర ఈ పేచీ లేదు. ఆమె గద ఎదుటివాడికి తగిలితే చాలు, చుట్టుపక్కల వున్న స్వపక్షం వాళ్ళకు గాయాలు వాటంతటవే మానుతాయి. కొట్టటమే వైద్యం. ఎవరికి ముందు చెయ్యాలి, ఎవరిని కాసేపు ఆగమనాలి అని హీలరు అనుక్షణమూ తేల్చుకోవలసిన ప్రశ్న ఆమెకు చాలావరకు లేదు. దెబ్బలు కాచుకోవటానికి 600 పాయింట్ల షీల్డ్ వుంది. తరిమి కొట్టటానికి గొలుసు వుంది. ఒక్కొక్కరికి విడిగా విసరటానికి మందు పొట్లాం వుంది. గాయం నిండగా మిగిలినది కవచమై కూర్చుంటుంది. ఆఖరి విద్య ప్రయోగిస్తే తన చుట్టూ వున్న జట్టుకంతా కవచం. ట్యాంకు పని, హంతకుడి పని, వైద్యుడి పని - మూడూ ఒకే చేతిలో, ఒకే సమయంలో, ఒకదానికొకటి తగలకుండా జరిగిపోతాయి. నాటకంలో పాత్రకు అంతస్సంఘర్షణ లేకపోతే ఏమవుతుందో, ఆటలో హీరో విద్యలకు పరస్పర సంఘర్షణ లేకపోతే అదే అవుతుంది. ఆడేవాడు ఆలోచించనక్కర లేదు. ఎదుర్కొనేవాడికి ఆలోచించినా ప్రయోజనం లేదు.

ఈ తప్పు సంస్థకు కొత్త కూడా కాదు. సిమెట్రా అని ఇంకొక హీరో వుంది. కథ ప్రకారం ఆమె మన హైదరాబాదు పిల్ల. పేదరికంలోనుంచి ఒక పెద్ద కంపెనీ ఆమెను ఏరుకుపోయి, చదువు చెప్పించి, తన పనిముట్టు చేసుకుంటుంది. (ఆ కంపెనీ నగర నిర్మాణం పేరుతో రియో మురికివాడలో చేసే దౌర్జన్యాన్ని లూసియో అనే మరొక హీరో ఎదిరిస్తాడు. ఈ ఉపకథ మన విద్యార్థులు తప్పక చూడదగింది.) 2016లో ఆమె చేతి కిరణం గురి అవసరం లేకుండా ఎదుటివాణ్ణి దానంతటదే పట్టుకునేది. దాన్ని గురించి చాలా విమర్శ వచ్చింది. 2018 జూన్‌లో ఆ కిరణానికి గురి పెట్టారు, ఆమెను హీలర్ల వర్గంనుంచి డామేజ్ వర్గానికి మార్చారు. ఒక చేత్తో ఈ పాఠం నేర్చుకుంటూనే, అంతకు మూడు నెలల ముందు మరొక చేత్తో బ్రిగిట్టాను విడుదల చేశారు!

ఇంతవరకు నేను చెప్పినదాన్ని మా కాలేజీలో ఆ రోజుల్లో చదువుకుంటున్న ఒక విద్యార్థిని ఒప్పుకోలేదు. ఆమె వాదాన్ని ఇక్కడ పెట్టకుండా నా వాదం పూర్తి కాదు. ఊళ్ళో ఒక గేమింగ్ సెంటర్ వుండేది. శనివారాలు కొంతమందిమి అక్కడ కలిసి ఆడేవాళ్ళం. ఆమె ఎప్పుడూ హీలరు. నేను 155 లెక్క చెప్పగానే ఆమె నవ్వి,

"సార్, పోయినేడాదంతా మీ ట్రేసర్ నన్ను ఎన్ని సెకన్లలో చంపేదో లెక్క వేశారా?" అన్నది.

నేను వెయ్యలేదన్నాను.

"నన్ను చంపితే అది మీ నైపుణ్యం. నేను బతికితే ఎవరో దయతలచి వెనక్కి తిరిగి చూశారని అర్థం. ఎవరూ తిరిగి చూడరు సార్. మైకులో పిలవమంటారు. నేను మైకు పెడితే ఏం జరుగుతుందో మీకు తెలియదు. నా గొంతు వినపడగానే ఆట ఆగిపోతుంది. పేరడుగుతారు, వూరడుగుతారు, ఆ తరవాత బూతులు. అందుకని మైకు కట్టేశాను. కట్టేసుకుంటే సాయం అడగలేను. బ్రిగిట్టా వచ్చాక అడగక్కర లేకుండా పోయింది. ఆమెకు గురి అక్కర లేదంటారు. గురి నేర్చుకోవటానికి రోజూ నాలుగు గంటలు మా హాస్టల్లో నాకు ఎవరిస్తారు? మీ అబ్బాయిలకు రాత్రంతా వుంది."

ఈ మాటలకు ఆ సెంటర్లో వున్న అబ్బాయిల్లో కొందరు తలలు వంచుకున్నారు. మరికొందరు, "ఆడటం రానివాళ్ళకు ఇచ్చిన హీరో కదా, అందుకే" అని గొణిగారు. ఈ రెండో మాటను నేను నిరసిస్తాను. బ్రిగిట్టాను విమర్శించే వాళ్ళలో చాలామంది విమర్శ ఇక్కడినుంచే పుడుతుంది. తమ వేట చెడిపోయిందన్న కోపం దాని మూలం. నైపుణ్యమనే మాటను కొత్తవాళ్ళను గడప దాటనివ్వకుండా అడ్డం వేసే గడియగా వాడేవాళ్ళు ప్రతి కళలోనూ వున్నారు. ఛందస్సు రానివాడు కవి కాడని మొన్నమొన్నటిదాకా మనతో వాదించినవాళ్ళు వాళ్ళ తాతలే.

అయినా ఆమె వాదంలోనే బ్రిగిట్టా రూపకల్పనకు గట్టి ఖండన వుందని నేను అనుకుంటాను. ఆమె బాధ ఏమిటి? జట్టులో ఎవరూ వెనక్కి తిరిగి చూడరు; పిలిచే దారి లేదు. ఆమెకు కావలసింది తోడు. ఆట ఆమె చేతికి గద ఇచ్చింది. గద వచ్చాక తిరిగి చూడనివాళ్ళు మరింత నిశ్చింతగా తిరిగి చూడటం మానేశారు. హీలరును కాపాడటం ఆరుగురి బాధ్యతగా వుండవలసింది పోయి హీలరు సొంత వ్యవహారం అయింది. పైగా బ్రిగిట్టా తీసుకున్న హీలరు బతికింది గాని, పక్కనున్న రెండో హీలరు, ఎదుటి పక్షంలోని హీలరు అదే గద కింద చచ్చారు. శనివారాల్లో మా ఆటలో నేను కళ్ళారా చూశాను: ఇరుపక్షాలా బ్రిగిట్టా వుంటే ఎవరి బ్రిగిట్టా ముందు గుద్దితే వాళ్ళదే ఆట. హీలర్లకు విముక్తి అని చెప్పిన దాంట్లో ఆనా ఆడేవాళ్ళకు ఒరిగిందేమిటో ఎవరూ చెప్పలేదు.

దీనికి మన దగ్గర ఒక పాత ఉపమానం వుంది. పులిజూదం ఎరగని పాఠకులు తక్కువ. మన పాత గుళ్ళ మండపాల్లో బండల మీద ఇప్పటికీ ఆ గీతలు కనిపిస్తాయి. మూడు పులులు, పదిహేను మేకలు. పులి మేక మీదుగా దూకి చంపుతుంది. మేక ఎవరినీ చంపలేదు. మేకకున్న బలమంతా దాని వెనక గడిలో నిలబడ్డ మరో మేక. రెండు మేకలు ఒకదాని వెనక ఒకటి వుంటే పులి దూకలేదు. అలా ఒక్కొక్క సందూ మూసుకుంటూ పోయి చివరకు పులి కదలకుండా కట్టేస్తారు. ఎవరు కనిపెట్టారో తెలియని ఈ ఆటలో రూపకల్పన ఎంత గొప్పదో చూడండి. బలహీనులకు ఇచ్చిన విద్య ఒకటే, ఆ విద్య ఒంటరిగా వున్నప్పుడు సున్న. ఇప్పుడు మేకల్లో ఒకదానికి పులి కోరలు తగిలించండి. మేకలకు మేలు చేశాననుకోవచ్చు. కాని ఆట అక్కడితో ముగిసింది. ఆ మేక ఉండగా మిగతా పద్నాలుగు మేకలు బుర్ర పెట్టనక్కర లేదు, పులులు బరిలోకి రానక్కర లేదు.

సరిగ్గా ఇదే జరిగింది. చిత్రమేమిటంటే, జరిగినదానికి పేరు కూడా మేకలే. 2018లో ఉత్తర అమెరికా ద్వితీయ శ్రేణి పోటీల్లో గోట్స్ అనే పేరు గల జట్టు ఒకటి డామేజ్ పాత్రలను పూర్తిగా వదిలేసి, ముగ్గురు ట్యాంకులు, ముగ్గురు హీలర్లతో ఆడింది. రైన్‌హార్ట్, జార్యా, డి.వా ముందు, లూసియో, మరొక హీలరు, బ్రిగిట్టా వెనక. ఈ కూర్పుకు ఆ జట్టు పేరే స్థిరపడింది. ఆరుగురూ ముద్దగా నడిచి వెళ్ళి ఎదుటివాళ్ళ మీద పడతారు. బ్రిగిట్టా కొడుతుంటే అందరి గాయాలూ మానుతుంటాయి. అందరికీ కవచం. ఒంటరిగా వచ్చిన ట్రేసర్ స్టన్. 2019లో వృత్తి క్రీడాకారుల ఓవర్‌వాచ్ లీగ్‌లో నెలలకొద్దీ ఇరుపక్షాలా ఇదే ఆరుగురు.

ఇది సమష్టి విజయం కదా, మీరెందుకు కాదంటారని ఒక మిత్రుడు నన్ను అడిగాడు. ప్రశ్న మంచిదే. పై తరగతి జట్లు ఈ కూర్పును ఆడిన తీరులో అద్భుతమైన సమన్వయం వుండేది. అది నేను కాదనను. హక్సల్ అనే కొరియా ఆటగాడు గెంజీ ఆడటంలో పేరుపొందినవాడు. వాంకూవర్ జట్టులో బ్రిగిట్టా ఆడవలసి వచ్చింది. ఆడి, ఆ యేటి ఉత్తమ నూతన క్రీడాకారుడి బహుమతి పొందాడు. ఆయన చేతిలో బ్రిగిట్టా కూడా చూడముచ్చటగానే వుండేది. కాని ఒక నేతగాణ్ణి బరువులు మోయటానికి పెట్టి, బ్రహ్మాండంగా మోస్తున్నాడని బహుమతి ఇస్తే, మోత గొప్పదని రుజువవుతుందా? సమష్టి అంటే వేరువేరు పనులు చేసేవాళ్ళు ఒకరి పని మీద ఒకరు ఆధారపడి నిలబడటం. పనుల మధ్య తేడాలే చెరిగిపోయాక మిగిలేది గుంపు. ఏళ్ళ తరబడి గురి సాధన చేసిన ఆటగాళ్ళు ఆ 2019లో బల్ల మీద కూర్చున్నారు, లేదా చేతికి సుత్తి తీసుకున్నారు.

సంస్థ చూస్తూ కూర్చోలేదు. ప్యాచ్ మీద ప్యాచ్ వచ్చింది. గుద్దు దెబ్బ 50 నుంచి 5కు పడిపోయింది. షీల్డ్ గుండా గుద్దే శక్తి పోయింది. షీల్డ్ 600 నుంచి 500 అయింది. అప్పటికీ మేకల మంద చెదరలేదు. లోపం విద్యల మధ్య సంబంధంలో వుంటే అంకెలు చెక్కటంవల్ల ఏం లాభం? చివరకు చట్టం తెచ్చారు. 2019 జూలైలో లీగ్‌లోనూ, ఆ తరవాత సెప్టెంబరులో అందరి ఆటలోనూ, జట్టుకు ఇద్దరు ట్యాంకులు, ఇద్దరు డామేజ్, ఇద్దరు హీలర్లు మాత్రమే వుండాలని నియమం పెట్టారు. ఎవరు ఏ వర్గమో ముందే రాయించుకోవాలి, మధ్యలో మారకూడదు. ఒక హీరో తెచ్చిన చిక్కు తీర్చటానికి ఆటలోని మూల స్వేచ్ఛను రద్దు చేశారు. ఒక్క బ్రిగిట్టా మూలానే ఈ చట్టం వచ్చిందనటం అతిశయోక్తి అవుతుంది. ఐదుగురు డామేజ్ ఆటగాళ్ళతో నిండిపోయే జట్లతో విసిగినవాళ్ళు ఎప్పటినుంచో దీన్ని అడుగుతున్నారు. కాని ముహూర్తం పెట్టింది మాత్రం మేకలే.

ఇందులో నన్ను ఎక్కువగా ఆలోచింపజేసిన సంగతి మరొకటి వుంది. ఆ చట్టం లీగ్‌లో అమలులోకి రావటానికి కొద్ది రోజుల ముందే, జూలైలో, మూడో దశ తుదిపోటీలో షాంఘై డ్రాగన్స్ జట్టు శాన్‌ఫ్రాన్సిస్కో షాక్‌ను 4-3 తేడాతో ఓడించింది. ఈ షాంఘై జట్టు అంతకు ముందు 2018లో ఆడిన 40 పోటీల్లో 40 ఓడిపోయింది! అటువంటి జట్టు ముగ్గురు డామేజ్ పాత్రలను దించి, గాలిలోనుంచి, దూరంనుంచి కొట్టి, మేకల కూర్పును బద్దలు కొట్టింది. అంటే ఆటగాళ్ళు తమ శ్రమతో, తమ బుద్ధితో విరుగుడు కనిపెట్టారు. కనిపెట్టిన వెంటనే పైనుంచి చట్టం వచ్చి, ఆ విరుగుడునూ జబ్బునూ కలిపి నిషేధించింది. మరో ఆరు నెలలు ఆగి వుంటే ఏమయ్యేదో చూసే అవకాశం ఎవరికీ దక్కలేదు.

అదే ఆగస్టులో బ్రిగిట్టా షీల్డ్‌ను 500 నుంచి 200కు కుదించారు. 2022 అక్టోబరులో ఓవర్‌వాచ్ 2 పేరుతో ఆటను ఐదుగురికి తగ్గించి ఒక ట్యాంకును తీసేసినప్పుడు, ఆమె గుద్దులోని స్టన్ కూడా తీసేశారు. నాలుగున్నర ఏళ్ళు పట్టింది.

ఎందుకిలా జరుగుతుందని అడిగితే, రచయితలకు తెలివి లేదని నేను అనను. కొత్త హీరో అనేది ఈ వ్యాపారంలో పండుగ సరుకు. కొన్ని నెలలకొకసారి అది రావాలి. వచ్చినప్పుడు అందరూ తీసుకుని ఆడాలి. తీసుకోగానే బలంగా కనపడాలి. 2018లో కనీసం హీరో వుచితంగా వచ్చేది, డబ్బు వేషాల పెట్టెల్లోనుంచి రాబట్టేవారు. 2022లో కిరికో అనే కొత్త హీలరును బ్యాటిల్ పాస్ మెట్లలో పెట్టి, డబ్బు కట్టినవాడికి వెంటనే, కట్టనివాడు చాకిరీ చేసి సంపాదించుకునేట్టుగా అమ్మారు; 2024లో గాని ఆ పద్ధతి మానలేదు. ఆటలోని సంబంధాలను సరిచెయ్యటం పండుగ సరుకు కాదు. దానికి పోస్టరు వెయ్యలేరు. పాతకాలపు మన నవలల్లో వూరి సమస్య తెగకపోతే ఆఖరు అధ్యాయంలో పట్నంనుంచి చదువుకున్న యువకుణ్ణి దించే రచయితలుండేవారు. ఆయన వచ్చి ఒక వుపన్యాసం ఇచ్చేసరికి భూస్వామి మారిపోయేవాడు. వాళ్ళను మనం విమర్శించాం. బ్రిగిట్టా కూడా ఆ ఆఖరు అధ్యాయపు యువకుడి చెల్లెలే.

హీరోలను తయారుచేసేవాళ్ళు కూలికి పనిచేసే మనుషులని మరిచిపోకూడదు. మైక్రోసాఫ్ట్ 2023 అక్టోబరులో ఆ సంస్థను కొన్నది. 2024 జనవరిలో తన ఆటల విభాగంలో 1900 ఉద్యోగాలు తీసేసింది. 2025 మేలో ఓవర్‌వాచ్ తయారీలో వున్న సుమారు 200మంది యూనియన్ పెట్టుకున్నారు. కొత్త హీరో తొందరగా రావాలా, నిదానంగా రావాలా అన్నదాంట్లో వాళ్ళ మాటకు విలువ వస్తే ఆటకు మేలే జరుగుతుందని నా ఆశ.

ఓవర్‌వాచ్ 2లో హీరోల హడావిడి మధ్య ఎవరూ పెద్దగా పట్టించుకోని మార్పు ఒకటి జరిగింది. పింగ్ అనే ఏర్పాటు పెట్టారు. మైకు లేకుండా, నోరు తెరవకుండా, ఒక మీట నొక్కితే శత్రువు ఎక్కడున్నాడో జట్టులో అందరి తెర మీదా గుర్తు పడుతుంది. హీలర్లందరికీ గాయాలు వాటంతటవే కొంత మానే గుణం కూడా ఇచ్చారు. ఇవి ఒక్క హీరోకు ఇచ్చిన కోరలు కావు, వర్గానికంతటికీ వర్తిస్తాయి. 2017లోనే ఈ రెండూ వుంటే బ్రిగిట్టా చేతిలో ఆ గద అంత బరువుగా వుండవలసిన అవసరం వచ్చేది కాదనుకుంటాను.

మా విద్యార్థిని ఇప్పుడు బెంగుళూరులో వుద్యోగం చేస్తున్నది. ఆదివారం రాత్రుళ్ళు ఎప్పుడైనా కలిసి ఆడతాం. షీల్డ్ 200 అయిన నెలలో ఆమె బ్రిగిట్టాను వదిలేసి ఆనాను పట్టుకుంది. నిద్రసూది మూడింట ఒకటి తగులుతున్నది. పోయిన ఆదివారం నా ట్రేసర్‌ను రెండుసార్లు పడుకోబెట్టింది. శత్రువు వెనకనుంచి వస్తే పింగ్ కొడుతుంది, ఈమధ్య జట్టులో ఒకరిద్దరు తిరిగి చూస్తున్నారని చెప్పింది. మైకు మాత్రం ఇప్పటికీ కట్టేసే వుంటుంది.